వంతెన అవతలి బీరువా

పరదేశి నాయుడు మాస్టారు శుక్రవారం శుక్రవారం ఒక గుడ్డసంచీ పట్టుకుని, బస్సెక్కి గోదావరి వంతెన దాటేవారు. సంచీలో టేపులుండేవి. గుర్తుపట్టలేని మృతదేహాల నమూనాలు పరీక్షించి ఎవరు ఎవరో తేల్చే ప్రయోగశాలలో ఆయన ఉద్యోగం. అక్కడి కంప్యూటర్లలో చేరిన ఫలితాలకి నకళ్ళు తీసి భద్రం చేయడం ఆయన పని. ఒక నకలు అక్కడే, పక్కగదిలోని డిస్కుల మీద. రెండోది టేపు మీద, నది అవతలి ఇనప బీరువాలో. ఆఫీసువాళ్ళు ఆ సంచీని "మాస్టారి చద్దిమూట" అని ఏడిపించేవారు. ఆయన నవ్వేవారూ కాదు, కోప్పడేవారూ కాదు.

ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న యశోదకి కూడా ఈ బస్సు ప్రయాణం చాదస్తంగానే తోచింది. ఆయుధపూజ ముందురోజు ధైర్యం చేసి అడిగేసింది.

"మాస్టారూ, ఎవరైనా పొరపాటున ఫైలు చెరిపేస్తే డిస్కులోంచి నిమిషంలో తెచ్చేస్తున్నాం. టేపయితే వెళ్ళి తేవాలి, ఎక్కించాలి, పూటంతా దాని ముందు కూర్చోవాలి. ఇంకా ఎందుకండీ ఇవి? పోనీ, ఉంచితే ఉంచారు. రేపు పూజకైనా ఇక్కడికి తెప్పించండి. మిషన్లన్నిటికీ బొట్టు పెట్టి వాటిని వదిలేస్తే ఏం బావుంటుంది?"

మాస్టారు గడియారం చూశారు. "గేటు దగ్గరికి రా అమ్మా. ఒకావిడ వస్తుంది," అన్నారు.

గేటు పక్క సిమెంటు బల్ల మీద అప్పటికే ఒక ముసలామె కూర్చుని ఉంది. పేరు నూకరత్నం. ఏటా ఇదే రోజున వస్తుందిట. మాస్టారిని చూసి లేచి నిలబడింది.

"దొరికిందా బాబూ?"

"లేదమ్మా. కాలిపోయిందని చెప్పాను కదా."

"సెప్పేవు బాబూ. యేటా సెప్తావు." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "ఎనిమిది మంది కనపళ్ళేదన్నారు. ఏడుగురి ఎముకలే దొరికాయన్నారు. నా పిల్ల పార్వతి ఆ ఏడుగురిలో ఉందో, మిగిలిన ఆ ఒక్కతీ అదేనో, మీ మిషనుకి తెలుసన్నారు. దానికి నీళ్ళొదలనా, అన్నం అట్టిపెట్టనా? ఇంకెక్కడా లేదా బాబూ, ఆ కాయితం?"

"లేదమ్మా."

ఆమె దణ్ణం పెట్టి, మళ్ళీ ఏడు వస్తానని చెప్పి, బస్సులు ఆగే చోటుకేసి వెళ్ళిపోయింది. యశోదకి ఆ వీపు చూస్తుంటే ఏడుపొచ్చింది.

వెనక్కి నడుస్తూ మాస్టారు చెప్పింది కొంచెమే. పదకొండేళ్ళ కిందట ఒక బాణసంచా షెడ్డు పేలింది. దొరికిన ఎముకల్లోంచి నమూనాలు తీసుకుని, మిగిలినవాటిని సర్కారు దహనం చేయించింది. దసరా సెలవులకి ముందు పరీక్షలు పూర్తయ్యాయి. సెలవులయ్యాక తెరిచి చెబుదామని ఫలితాన్ని కంప్యూటర్లోనే ఉంచారు. దాని నకలు డిస్కు మీద పడింది, టేపు మీదా పడింది. ఆ టేపు నది దాటింది కూడా.

ఆ ఏడు ఆయుధపూజకని మాస్టారే వెళ్ళి బీరువాలోని టేపులన్నీ వెనక్కి తెచ్చారు. డిస్కుల ముందు పేర్చి పసుపు కుంకుమ పెట్టారు. పూజలో పెట్టినవాటిని మర్నాటిదాకా కదపకూడదు కనక అలాగే ఉంచి ఇంటికెళ్ళారు. గది చుట్టూ కట్టిన సీరియల్ బల్బుల తీగ ఎక్కడో అంటుకుంది. తెల్లారేసరికి కంప్యూటర్లూ డిస్కులూ టేపులూ, అదే కట్టడంలో దాచిన ఎముకల నమూనాలూ ఏవీ మిగల్లేదు. మళ్ళీ పరీక్షించడానికి ఇక ఏమీ లేదు.

"బల్బులు కట్టింది మీరు కాదు కదండీ," అంది యశోద.

"టేపులు తెచ్చింది నేను."

గదిలోకి రాగానే యశోద బల్ల మీదున్న ఈ వారం సంచీ తీసుకుని భుజాన వేసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"అంతా తెలిసి కూడా ఆవిడ మళ్ళీ అదే ఎందుకండీ అడుగుతారు?"

"ఇంకెక్కడైనా ఉందా అని ఎవరైనా అడుగుతారమ్మా. ఉంది అని చెప్పడానికే నన్నిక్కడ పెట్టారు," అన్నారు మాస్టారు. "ఆవిడకి చెప్పలేకపోయాను."