రాజుగారి తల కుళాయి

మందారగిరి రాజు వంటశాలను కొత్తగా కట్టించి, కుళాయికి తన తలనే పోతపోయించాడు. చెవి మెలిపెడితే నోట్లోంచి నీళ్లు! వంటలక్క నాంచారి బిందె పట్టి చూసింది. ఆ మీసాల కింద బిందె పట్టదు. నీళ్లు లేక వంట ఆలస్యమైతే తన కొలువు ఊడుతుంది.

"బ్రహ్మాండం ప్రభూ!" అంది. "కానీ రేపు విందుకొచ్చే పొరుగురాజు మీ ఎంగిలి నీళ్లతో వండింది తింటాడా?"

రాజు ఉలిక్కిపడ్డాడు. "అయితే వెంటనే నా తల తీసేయండి! ఆయన తల పెట్టండి!"

"చిత్తం. ఆయన వెళ్లిపోయాక రోజూ ఆయన ఎంగిలి మనం తినాలి మరి."

రాజు మీసం నిమురుకున్నాడు.

"నాంచారీ, అసలు తలే లేని కుళాయి ఎక్కడైనా దొరుకుతుందంటావా?"

"సంతలో అమ్మేవన్నీ అవే ప్రభూ," అంటూ నాంచారి బిందె చంకనెత్తుకుంది.