తెప్పరిల్లుతల్లి సగము కడవ నోము

అక్షతలు చేతబట్టి వినుడు. మోకాళ్లు పీకువారు గోడకు చేరగిలవచ్చును. ఈ నోమునకు అది దోషము కాదు, విధి.

పూర్వము తృణవల్కుడను ముని జ్వరము తగ్గి మూడు నెలలైనను ఆశ్రమపు మెట్లు నాలుగెక్కి నాలుగుసార్లు కూలబడుచు ఉదంచ మహామునిని సమీపించి, "స్వామీ, జ్వరము పోయినది, నేను మాత్రము ఇంకను తిరిగి రాలేదు. దీనికేది గతి?" యని యడిగెను. ఉదంచుడు నవ్వి యిట్లు చెప్పెను.

కందిరేవను గ్రామమున కొమ్మసాని యను ఇల్లాలు కలదు. ఆమె రోకలి యెత్తినచో కోడికూత ముగియులోపల పుట్టెడు వడ్లు బియ్యమయ్యెడివి. ఆ ఊపునకు పొరుగూరి రోళ్లు సైతము గంతులు వేసెడివట. ఒక యేట విషజ్వరము ఊరినెల్ల చుట్టెను. ఏడవనాటికి అందరు లేచిరి. కొమ్మసానియు లేచెను గాని ఆమె బలము లేవదాయెను. తెల్లవారునప్పటికి వేళ్లు బిగుసుకొని చెంబు పట్టనీయవు. ఉప్పుకై పోయి ఉట్టి క్రింద నిలిచి, ఎందులకు వచ్చితినో మరచును. నిద్రించి లేచినను అలసటయే. గాదెలో వడ్లు పురుగుపట్టెను.

అత్త నాంచారమ్మ సహింపలేదు. "మాకు రాలేదటే జ్వరం? మొహం చూస్తే పున్నమి చందమామ, నడుం మాత్రం వంగదు. ఈ అమావాస్య కాదు, పై అమావాస్య దాటనీ, బండి కట్టి పుట్టింటికి పంపించేస్తా" అనెను. మగడు వీరన్న తల్లికి ఎదురాడలేక పశువుల పాకకు పోయి లేని గడ్డిని సర్దెను.

కొమ్మసాని బెదరి, కాస్త ఓపిక కలిగిననాడు నెల పనియంతయు ఒక్కపూట చేసెను. తొమ్మిది దినములు మంచము పట్టెను. మరల లేచెను, మరల చేసెను, మరల పడెను.

ఒకనాడు ఏటి రేవున ఆమె కడవతో కూలబడియుండగా ఒక ముసలమ్మ వచ్చి, "అమ్మాయీ, నేను తెప్పరిల్లుతల్లిని. జ్వరాలమ్మ మా అక్క. అది ఏనుగెక్కి పోయింది గానీ, దాని సామాను బళ్లు ఇంకా నీ ఒంట్లోంచే పోతున్నాయి. ఎడ్లు ముసలివి. తొందరపెడితే దారికడ్డంగా పడుకుంటాయి" అని నోము ఉపదేశించెను. మండలము, అనగా నలువది దినములు, కడవ సగమే నింపవలెను. ఏ పనియైనను ఓపిక మిగిలియుండగనే ఆపి కూర్చుండవలెను. పైకి బాగానే ఉన్నావుగా అని యెవరందురో, ఆ సగము కడవ వారే మోయవలెను.

పండ్రెండు దినములు నోము సాగెను. వేళ్లు విచ్చుకొనెను. పదమూడవనాడు ఒంట హుషారు పుట్టి, అమావాస్య దగ్గరపడెనను భయమున, ఆమె కడవ అంచువరకు నింపెను. గడప దాటకమున్నే కడవ పగిలెను, కొమ్మసాని ఒరిగెను. మరల తొమ్మిది దినములు.

అమావాస్య మరునాడు వాకిట బండి కట్టిరి. కొమ్మసాని లేచి, కొత్త కడవతో రేవునకు పోయి, సగము నింపి, సగము దారిలో కూర్చుండెను. నాంచారమ్మ వెదకుచు వచ్చి, "పైకి బాగానే ఉన్నావుగా, నీకేం రోగమే" అని కడవ లాగి చంకనెత్తుకొనెను.

అంతట ఆమె పాదములు చీలమండలదాక నేలలో దిగబడెను. వేళ్లు బిగుసుకొనెను. ఇల్లెటున్నదో మరచెను. వీరన్న పరుగున వచ్చి బండియెడ్లను కడవకు పూన్చెను. ఎడ్లు మోకరిల్లెను గాని కడవ కదలలేదు.

"ఏమే కోడలా, ఇంత బరువు మోస్తూనా రోజూ నాకు అన్నం వడ్డించావు?"

"ఇది సగమే అత్తయ్యా."

నాంచారమ్మ కన్నుల నీరు కడవలో పడెను. పడుటయే తడవు కడవ దూదివలె తేలికయ్యెను. అత్త కడవ మోసెను, మగడు ఎడ్లను విప్పి రోకలి పట్టెను, కొమ్మసాని అరుగుపై కూర్చుండి నోము మొదటినుండి పట్టెను. ఏడాది తిరుగునప్పటికి కోడికూతలోపల అరపుట్టి దంచెను. తక్కిన అరపుట్టి వీరన్న దంచెను. అందులకు కోడి మరి పదునొకండుసార్లు కూయవలసి వచ్చెను. గాదె నిండెను.

ఇది విని తృణవల్కుడు రెండవ మెట్టుననే కూర్చుండి నోము పట్టెను.

జ్వరము తగ్గినవారును, వారి అత్తలును, మగలును, దారిని పోవుచు ఊరక పలుకరించువారును ఈ నోము నోచవలెను. నోచినవారికి దమ్ము నిలుచును, వేళ్లు విచ్చును, ఉట్టి క్రింద మరచినది జ్ఞప్తికి వచ్చును. వాన పట్టిననాడు మోకాలు కొంచెము సలిపిన, అది తల్లి పలకరింపని యెంచవలెను. కోలుకొనుచున్నవారి తలపై అక్షతలు వేసి, లేవబోయినచో మరికొంతసేపు కూర్చుండబెట్టుడు. గిన్నెలు మనము కడుగుదము.