ముప్పై నోళ్ల పగడం

విశాఖలో సైన్సు పాఠాలు చెప్పే పైడితల్లి టీచరమ్మ ఇంట్లో, టీవీ ఉండాల్సిన చోట ఒక గాజు సముద్రం ఉంది. నాలుగడుగుల తొట్టి, ఉప్పునీళ్లు, నాలుగు రాళ్లు, నీళ్లను అలల్లా ఊపే మోటారు. అందులో కాపురముండేవాళ్లకు అదే లోకం. ఆ లోకంలో పెద్దమనిషి మీసాలయ్య అనే రొయ్య. ఎర్రచారల ఒళ్లు, తెల్లటి పొడుగు మీసాలు, ఊరి మంచీచెడ్డా తనే చూస్తున్నట్టు ఒక నడక. చేపల ఒంటిమీద పురుగులు ఏరుకు తినడం వాడి తాతల నాటి పని. ఆ పని మానేసి నెలయింది. ఎందుకు మానేశాడో చెబుతాను.

నెల కిందట టీచరమ్మ పెంపుడుచేపల షాపునుంచి ఒక నారింజరంగు పగడాన్ని తెచ్చింది. చూడ్డానికి రాయిలా ఉంటుంది గానీ అది ప్రాణి. ఒకే ఒంటికి ముప్పై నోళ్లు. కొన్ని పగడాలు వెలుతురుతోనే బతికేస్తాయి. ఈ పిల్లకి ఆ విద్య రాదు. నోటికి ముద్ద అందితేనే దాని బతుకు. అందుకని టీచరమ్మ రోజూ సాయంత్రం మోటారు ఆపి, పొడుగాటి తెల్లగొట్టంతో చేపగుడ్లు తెచ్చి దానిమీద మెల్లగా వదిలేది.

మొదటిరోజే మీసాలయ్య పగడం పక్కకు చేరాడు.

"చెల్లెమ్మా, కొత్తగా వచ్చావు. మంచి చెప్పేవాళ్లు లేకపోతే పాడైపోతావు. షాపులో నిన్ను మందునీళ్లలో ముంచారా?"

"ముంచారన్నా," అంది పగడం. పురుగూ పుట్రా వదలాలని కొత్త పగడాల్ని అలా ముంచుతారు. ఆ మంట గుర్తొచ్చి దాని ముప్పై నోళ్లూ ముడుచుకుపోయాయి.

"ఆ మందే ఈ గొట్టంలో ఉంది. గొట్టం కనబడగానే అన్ని నోళ్లూ గట్టిగా మూసుకో. మిగతాది నేను చూసుకుంటాను."

మిగతాది వాడు బ్రహ్మాండంగా చూసుకున్నాడు. మూసుకున్న నోళ్లమీద పడి జారిన గుడ్లను ఒక్కటి వదలకుండా ఏరుకు తిని, "నీకోసం విషం మింగుతున్నాను చెల్లెమ్మా" అనేవాడు. "ఎంత మంచివాడివన్నా!" అని పగడం కరిగిపోయేది. రోజూ విషం తిని ఎవరైనా లావెక్కుతారా అని ఆ అమాయకురాలికి తోచలేదు.

నెల తిరిగేసరికి పగడం చిక్కి శల్యమైంది. రంగు వెలిసిపోయి, అంచుల్లో తెల్లటి ఎముక బయటపడింది. మంగళవారంనాడు టీచరమ్మ షాపతనికి ఫోన్ చేసింది.

"ఏం పెట్టినా తినట్లేదండీ. ఆదివారం వచ్చి తీసుకెళ్లండి. మీ దగ్గరైనా బతుకుతుందేమో."

"ఆ స్థితిలో ఉంటే బతకడం కష్టమేనండీ. వస్తాను, చూద్దాం."

తొట్టిలో అందరూ విన్నారు. గోడమీద పాచి గీక్కుంటున్న నత్త మామ్మ మాత్రం గీకడం ఆపి, రెండు గంటలు నడిచి, రెండడుగుల దూరంలో ఉన్న పగడాన్ని చేరుకుంది.

"ఒలే, రోజూ నువ్వెందుకు నోరు మూసుకుంటన్నావే?"

పగడం అంతా చెప్పింది. మామ్మ కొమ్ములు నిక్కబొడుచుకున్నాయి.

"విసం తిన్నోడు అలా నిగనిగలాడతాడేటే పిచ్చిదానా? ఆడు తింటన్నది నీ కూడు!"

"మరి మంట పుడితేనో మామ్మా?" అంది పగడం. నెలరోజుల భయం ఒక్క మాటతో పోదు కదా.

మర్నాడు మీసాలయ్య పైతొడుగు విడిచాడు. రొయ్యలకు అప్పుడప్పుడూ అది తప్పదు. కొత్త తొడుగు గట్టిపడేదాకా ఒళ్లు మెత్తగా ఉంటుంది గనక ఒక రోజు రాతిసందులో దాక్కుంటాయి. మామ్మ తిన్నగా సన్యాసి పీత దగ్గరికి వెళ్లింది. చచ్చిన నత్తల గుల్లల్లో కాపురముండడం వాడి అలవాటు. ఇప్పుడున్నది మామ్మ పెనిమిటి గుల్ల.

"ఒరే, మా ముసలోడి ఇంట్లో హాయిగా ఉంటన్నావు. నాకో పని సేసిపెట్టు."

"ఏటి మామ్మా?"

"ఆ మీసాలోడి గుమ్మంలో కూకుని డెక్కలు ఆడించు. అంతే."

పీత వెళ్లి కూర్చున్నాడు. మామ్మ రాతిసందులోకి తొంగి చూసి మెల్లగా చెప్పింది.

"బయటికి రాకు బాబూ. మెత్తటి రొయ్యంటే పీతకి పేణం. తొడుగు రాయిలా అయ్యేదాకా కదలకు. మంచి సెప్పేవోళ్లు లేకపోతే పాడైపోతావు. మిగతాది నేను సూసుకుంటాను."

మీసాలయ్య మీసాలు కూడా లోపలికి లాక్కున్నాడు.

సాయంత్రం తెల్లగొట్టం దిగింది. పగడం అలవాటుగా నోళ్లన్నీ బిగించుకుంది.

"ముప్పైలో ఒక్కటి తెరువు," అంది మామ్మ. "మండితే మూసుకో. నేనిక్కడే ఉన్నాను."

అన్నిటికంటే కింద, అంచున ఉన్న చిన్న నోరు భయంభయంగా తెరుచుకుంది. అందులో ఒక్క చేపగుడ్డు పడింది. మండలేదు. ఉప్పగా, కమ్మగా, పుట్టినింటి సముద్రంలా ఉంది.

"మామ్మా! ఇది అన్నమే! నెలరోజులు నా అన్నానికి నేనే తలుపేసుకున్నానే!"

దాని గొంతులో ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి. రెండో నోరు తెరుచుకుంది. తర్వాత నాలుగు, తర్వాత పది. చివరికి ముప్పై నోళ్లూ బంతిపూలలా విచ్చుకున్నాయి.

"నా తల్లే, తింటున్నావా!" అని టీచరమ్మ గంతేసినంత పని చేసింది. గురువారం, శుక్రవారం కుర్చీ లాక్కుని కూర్చుని, నోటికో గుడ్డు చొప్పున పెట్టి, అన్నీ మింగాకే మోటారు వేసింది.

శనివారానికి మీసాలయ్యకు ఆకలి భయాన్ని మించిపోయింది. సాయంత్రం గొట్టం దిగగానే పీతను తోసుకుని బయటికి ఉరికాడు.

"చెల్లెమ్మా, మూసెయ్! మందు!"

"నెలంతా నా బదులు నువ్వు మండిపోయావు కదన్నా. ఇక నా మంట నేనే పడతాలే."

వాడికి ఒళ్లు మండి, తెరిచిన నోట్లో చెయ్యిపెట్టి గుడ్డు లాగేశాడు. ఎదురుగా కూర్చున్న టీచరమ్మ చూడనే చూసింది.

"ఓరి దొంగా, నువ్వా!"

ఆవిడ నీళ్ల సీసా ఒకటి అడుగు కోసి, పగడంమీద బోర్లించి, మూతి లోంచి గొట్టం దించింది. లోపల ముప్పై నోళ్లూ తీరిగ్గా భోంచేస్తుంటే, వాడు సీసా చుట్టూ తిరుగుతూ గుటకలు మింగాడు.

ఆదివారం షాపతను బకెట్ పట్టుకుని వచ్చి, తొట్టిముందు నోరు తెరిచాడు.

"చచ్చిపోతోందన్నది దీన్నేనా టీచర్ గారూ?"

"దీన్నే. కాఫీ తాగి, ఖాళీ బకెట్ తీసుకెళ్లండి," అంది టీచరమ్మ గర్వంగా. తొట్టిలో పీత డెక్కలు కొట్టాడు. మామ్మ గాజుమీద ఒక చుట్టు చుట్టింది, తన వేగంతోనే.

పైనెలకు పగడం అంచున మరో రెండు బుల్లినోళ్లు మొలిచాయి. మీసాలయ్య మాత్రం ఒక నీలంచేప ముందు వంగి నిలబడ్డాడు.

"ఒళ్లు శుభ్రం చేసిపెట్టమంటారా బాబూ?"

"ఇన్నాళ్లకు గుర్తొచ్చామా? ముందు తోక కింద చూడు," అంది చేప.

మన మంచికే నోరు మూసుకోమనేవాడు ఎవరి ముద్ద నములుతున్నాడో ముందు చూసుకోవాలి.