దివాన్‌గారి తలపాగాకు పెట్టిన గంజి

వానలు మొహం చాటేసిన ఏడాది అది. ఆ రాజ్యంలో పేదలకు గంజే భోజనం. సరిగ్గా అప్పుడే దివాన్ నరహరిరాయుడికి ఒక సరదా పుట్టింది. దసరా ఊరేగింపులో తన తలపాగా కోటబురుజులా బిగుసుకుని నిలబడాలట. అందుకోసం చాకలివాడలో ప్రతి ఇంటి గంజీ తెచ్చి దానికే పెట్టాలట!

"అది పిల్లలు తాగే గంజి దొరా!" అంది చాకలి గున్నమ్మ.

"నోర్ముయ్! గంజి కూడా ఒక తిండేనా? అది గుడ్డలకు పెట్టేది" అన్నాడు దివాన్.

పిల్లల ముందునుంచే కుండలు ఎత్తుకొచ్చారు భటులు. గున్నమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఆ గంజిలో రెండు దోసిళ్ళ ఉప్పు కలిపి, తలపాగాకు దట్టంగా పట్టించి, ఆరబెట్టి ఇచ్చింది.

ఊరేగింపులో దివాన్ వంగి రాజుగారికి దండం పెట్టాడు. డొక్కలెండిన ఆవు ఒకటి వచ్చి ఆ తలపాగాను లాక్కుని కసకసా నమలసాగింది. జనం గొల్లుమన్నారు.

"ఇదంతా గున్నమ్మ కుట్ర!" అని అరిచాడు దివాన్.

"అందులో ఏం కలిపావు?" అని రాజు ఆమెను అడిగాడు.

"ఉప్పు వేశాను మహారాజా. మా పిల్లల గంజి కదా, చప్పగా ఉంటే వాళ్ళు తాగరు. గంజి తిండే కాదన్నారు దివాన్‌గారు. ఈ గొడ్డుకు ఆ సంగతి తెలియదు. శిక్ష దానికే వెయ్యండి!"

రాజు మొహం ఎర్రబడింది.

"దివాన్ గాదెలో ధాన్యమంతా చాకలివాడకు తోలండి. వానలు పడేదాకా ఈయనకు మూడు పూటలా గంజే పొయ్యండి. ఉప్పు మాత్రం గున్నమ్మ వేస్తుంది."