బూడిదకుప్ప దగ్గర గురువుగారు

కాలువగట్టు కింద ఒక రైతుగారి పశువులకొట్టం. కింద గాటి దగ్గర పుల్లన్న అనే ఎద్దు, పైన అటక మీద గడ్డిలో నూకాలు అనే పిల్లి, దాని ఒక్కగానొక్క కొడుకు పిడతగాడు. పిడతలా గుండ్రంగా ఉంటాడని ఆ పేరు. నూకాలు ఎలుకల సంగతి చూసుకునేది, పుల్లన్న దుక్కి సంగతి చూసుకునేవాడు. పిడతగాడు పుట్టేదాకా వాళ్ళ మధ్య మాటా మాటా రావాల్సిన అవసరమే పడలేదు.

పిల్లిజాతికి ఒక మర్యాద ఉంది. ముందుకాలితో గొయ్యి తీసి, పని కానిచ్చి, పైన మట్టి కప్పి, ఓసారి వాసన చూసుకుని గాని అక్కణ్ణుంచి కదలదు. పిడతగాడికి ఆ మర్యాద ఇంకా అబ్బలేదు. ఆడుతూ ఆడుతూ గడ్డిలోనే కానిచ్చేసేవాడు. ఇదెక్కణ్ణుంచి వచ్చిందా అని ఆ తరవాత వాడే వింతగా చూసేవాడు. చిక్కేమిటంటే, ఆ గడ్డి పుల్లన్న మేత. పిల్లి వాసన తగిలిన మేతకి ఎద్దు మూతి పెట్టదు. వరసగా రెండు పూటలు పుల్లన్న మేత వదిలేసరికి రైతు భార్య అటకెక్కి చూసి, ముక్కు మూసుకుని దిగింది.

"ఇంకోసారి గడ్డి పాడైందంటే తల్లినీ పిల్లనీ గోతంలో వేసి కాలువవతల వదిలేసి రా" అని మొగుడికి తెగేసి చెప్పింది.

కాలువవతల ఊరకుక్కలు తప్ప ఏమీ లేవు. నూకాలు కొడుకుని దగ్గరికి లాక్కుంది.

వాకిట్లో తిరిగే వరాలు అనే కోడిపెట్ట ఊరుకుంటుందా. "గారాబం చేసి నువ్వే చెడగొట్టావు నూకాలొదినా" అంది. "నా పిల్లల్ని చూడు. గుడ్డులోంచి వచ్చిన పూటే నడక, నడిచిన పూటే తిండి. ఎవరిచేతైనా ఓ మాట అనిపించుకున్నారా?"

అది అంటూ ఉండగానే దాని పిల్లల్లో ఒకటి నీళ్ళతొట్టి అంచునెక్కి తోకెత్తి, తొట్టిలోకే వదిలింది. వరాలు అటు చూడలేదు. సలహాలు చెప్పేవాళ్ళకి సొంత పిల్లల్ని చూసుకునే తీరిక ఎక్కడిది. పుల్లన్న మాత్రం నిట్టూర్చి, తొట్టికి రెండో పక్కన నీళ్ళు తాగాడు.

కోడిగొంతు కంచె దాటి చెరుకుతోటలో పడుకున్న నక్క చెవిన పడింది. పొద్దు వాలేసరికి నక్క కంచె పక్కకొచ్చి, గొంతు సవరించుకుని పిలిచింది.

"నూకాలమ్మా, నీ కష్టం విన్నాను. అడవిలో పిల్లలకి ఈ విద్య మప్పేది నేనే. కళ్ళు తెరిస్తే చాలు, నా దగ్గర కూర్చోబెడతారు."

"మా వాడు మరీ చిన్నవాడు నక్క బావా. కాసేపు కూర్చుంటే కాళ్ళు వణుకుతాయి."

"మొక్కై వంగనిది మానై వంగునా? కంచె ఇవతల బూడిదకుప్ప ఉంది కదా. రోజూ పొద్దు వాలేవేళ దాని మీద కూర్చోబెట్టు. పని అయ్యేదాకా లేవనివ్వకు. ఏడిస్తే ఏడవనీ. బెదురు తీరాక నాకప్పగించి నువ్వు లోపలికి వెళ్ళిపో. తల్లి ఎదురుగా ఉంటే ఏ పిల్లాడికీ విద్య అబ్బదు."

"నీకు పుణ్యం ఉంటుంది బావా."

"అన్నట్టు, పిల్లాడు బరువెంత ఉంటాడు? మెడ దగ్గర కండ పట్టిందా?"

"బాగానే పట్టింది" అంది నూకాలు. కన్నతల్లి కదా, ఆ మాటకి మురిసిపోయింది కూడా.

మర్నాటి నుంచి చదువు మొదలైంది. నూకాలు పిడతగాణ్ణి మెడ పట్టి తీసుకెళ్ళి కుప్ప మీద కూర్చోబెట్టేది. వాడు ఈగల్ని చూసేవాడు, తోక చూసుకునేవాడు, లేవబోయేవాడు. తల్లి మొట్టేది. ఎంతసేపు కూర్చున్నా ఏమీ రాదు. లోపలికి తెచ్చి గడ్డిలో వదిలీ వదలగానే అయిపోయేది. నూకాలు మళ్ళీ మొట్టి, రైతు భార్య కంట పడకముందే ఆ గడ్డి ఈడ్చి పారేసేది. కొన్నాళ్ళకి వాడికి ఒక్కటే బోధపడింది, అసలు ఆ పనే చెయ్యకూడదని. బిగబట్టడం నేర్చుకున్నాడు. కడుపు రాయిలా గట్టిపడింది. పాలు మానేసి ధాన్యం బస్తాల వెనక దాక్కున్నాడు. అమ్మ అడుగు వినబడితే ఇంకా లోపలికి జరిగేవాడు. అది చూసి నూకాలుకి ఏడుపొచ్చింది.

"ఏం చెయ్యను పుల్లన్న మామా? గడ్డి పాడైతే గోతం. పాడవకపోతే పిల్లాడి ప్రాణం మీదకొచ్చేలా ఉంది."

పుల్లన్న నెమరు ఆపాడు. ఆయన మాట్లాడాలంటే ముందు నెమరు ఆగాలి. "నన్ను కాడికి మప్పింది మూపు కుదిరాకే నూకాలూ. ముందు ఉత్త కాడి మెడ మీద పెట్టి, ముసలెద్దు పక్కన నడిపించారు. నాగలి లేదు, బరువు లేదు. దాని అడుగు చూసి నా అడుగు వేశాను. నా ఈడు గిత్త ఒకడుండేవాడు. వాడి ఆసామికి తొందరెక్కువ. మూపు కుదరకుండానే బండి కట్టాడు. మెడ పుండుపడింది. పుండు మానినా, కాడి కనబడితే చాలు, వాడు కూలబడిపోయేవాడు."

"మరి మొక్కై వంగనిది అంటారు కదా?"

"మొక్కను వంచొచ్చు. మొలకను వంచితే విరుగుతుంది."

"మొలకో మొక్కో తెలిసేదెలా?"

"పిల్లుల సంగతి నాకేం తెలుసు? మా వాళ్ళయితే కాడి ఎత్తే ముందు మూపు తడిమి చూస్తారు. నీ గురువు ఏం చూశాడు?"

నూకాలు గుర్తు చేసుకుంది. పిల్లాడికి వచ్చేముందు తెలుస్తోందా అని నక్క అడగలేదు. కాలితో మట్టి గీకుతున్నాడా అని అడగలేదు. కాసేపైనా పొడిగా ఉంటున్నాడా అనీ అడగలేదు. బరువెంత అని అడిగింది. మెడ కండ సంగతి అడిగింది. పిల్లాణ్ణి తనకప్పగించి లోపలికి వెళ్ళిపొమ్మంది.

నూకాలు ఒంటి మీద వెంట్రుకలన్నీ నిక్కబొడుచుకున్నాయి. "ఎంత బుద్ధిలేనిదాన్ని మామా. పళ్ళెంలో పెట్టి ఇవ్వబోయాను."

ఆ పూటే తమ పడకని అటక మీంచి తీసి కొట్టం మూలనున్న ఊకకుప్పలోకి మార్చింది. ఊక పాడైతే అడిగేవాడు లేడు. పిడతగాడి కడుపు మెల్లగా నాకింది. నాలుగు రోజులు ఆ ఊసే ఎత్తలేదు. వాడి కడుపు మెత్తబడింది, పాలకి వచ్చాడు. పుల్లన్న మేతకి వాసన పోయింది. రైతు భార్య గోతం మాట మరిచిపోయింది.

నక్క మాత్రం మరిచిపోలేదు. ఇంట్లో వడ్లు ఉడకేసిన రోజు పొద్దు వాలేవేళ మళ్ళీ కంచె దగ్గరికొచ్చింది. "బెదురు తీరి ఉంటుంది. ఇక నాకప్పగించెయ్ నూకాలమ్మా."

"తీసుకొస్తాను గురువుగారూ. కాకపోతే మా జాతిలో పిల్లలు చూసి నేర్చుకుంటారు. ఒక్కసారి తమరు కూర్చుని చూపిస్తే వాడు కంచె సందులోంచి చూస్తాడు. ఆ తరవాత మీ ఇష్టం."

నక్క పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ ఏదీ కప్పలేదు. నక్కలు దారి మధ్యన, నలుగురికీ కనబడే రాయి మీద కానిచ్చే రకం. కానీ సందులోంచి గుండ్రటి మొహం కనబడుతోంది. నోట్లో నీళ్ళూరాయి.

"అదెంత పని. ఎక్కడ కూర్చోమంటావు?"

"అటు పక్కన. ఇప్పుడే పోసిన కొత్త బూడిద."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. కొత్తగా పోసిన బూడిద పైకి ఎంత చల్లగా కనిపించినా ఏ పిల్లీ తటాలున కూర్చోదు, కాలు ఆనించి చూసుకుంటుంది. తల్లి నేర్పే మొదటి పాఠమే అది. గురువుగారికి ఆ పాఠం రాదు. హుందాగా తోకెత్తి, ఒళ్ళు బరువంతా ఆనించి కూర్చుంది. కింద వడ్లపొయ్యి నిప్పులు కణకణలాడుతున్నాయి.

ఆ కేక చెరుకుతోట దాటి కాలువదాకా వినబడింది. నక్క కూడా ఆ దారినే పోయి కాలువలో కూలబడింది.

"అమ్మా, గురువుగారు కప్పకుండానే వెళ్ళిపోయారేం?" అన్నాడు పిడతగాడు.

ఆ తరవాత ఒక పొద్దున వాడు ఆట మధ్యలో టక్కున ఆగాడు. ఏదో ఆలోచించాడు. ఎవరూ చెప్పకుండానే తల్లి వెనకాల పాత బూడిద వైపు నడిచి, కాలు ఆనించి చూసి, వంకరగా ఒక గొయ్యి తీశాడు. పని అయ్యాక సగం కప్పి, సీతాకోకచిలుక వెంట పరిగెత్తాడు. మిగతా సగం నూకాలు కప్పింది. దాని మొహం వెలిగిపోతోంది. పుల్లన్న నెమరు ఆపకుండానే తల ఊపాడు.

నక్క చాలాకాలం ఎక్కడా కూర్చోలేకపోయింది. పడుకున్నా బోర్లా పడుకునేది. ఎవరైనా మర్యాదకి కూర్చోమంటే, నిలబడితే ఒంటికి మంచిదని చెప్పేది.

నీతి: బిడ్డకి వేళ వచ్చిందా అని అడగనివాడి దగ్గర బిడ్డను కూర్చోబెట్టకు.