ఇల్లమ్మింది ఎవరు?

మంచాన పడ్డ మగడి వైద్యం కోసం సాలె నాంచారమ్మ నూరు వరహాలకు ఇల్లమ్మింది. ప్రజల సేవకే పుట్టానని చెప్పుకునే కరణం కొలత రుసుమనీ, ముద్ర రుసుమనీ, సాక్షుల తాంబూలమనీ ఆ నూరూ పట్టేసుకున్నాడు.

"రుసుములు అమ్మినవాళ్ళే కట్టాలమ్మా. రాజశాసనం!"

నాంచారమ్మ తిన్నగా రాజు దగ్గరికే వెళ్ళింది.

"ఏలినవారూ, అమ్మినవాళ్ళకే కదా డబ్బు ముట్టేది? నాకు చిల్లిగవ్వ ముట్టలేదు. అంతా కరణంగారికే ముట్టింది. అంటే ఇల్లమ్మింది ఆయనే. రుసుములు ఆయన చేతే కట్టించండి."

రాజు నవ్వి, కరణం చేత నూరూ కక్కించాడు.

ఆమె డబ్బుతో తిరిగొచ్చేసరికి, మగడు కాళ్ళు పెట్టుకుని నేసే మగ్గం గుంటను ఇల్లు కొన్న ఆసామి మట్టితో పూడ్పిస్తున్నాడు.

'ఆయన లేస్తాడు సరే, లేచి కాళ్ళెక్కడ పెడతాడు?' అనుకుంటూ గడప బయటే నిలబడిపోయింది.