యాప్ బయట నోరు విప్పని ఇల్లు

చోడవరంలో తవిటినాయుడి ఇంటి మగవాళ్ళకి తెలివి ఎంత ఎక్కువంటే, దాన్ని మోసి మోసి అలిసిపోయి మధ్యాహ్నం భోజనం కాగానే పడుకునేవాళ్ళు. తండ్రి తవిటినాయుడు, పెద్దకొడుకు గౌరునాయుడు, చిన్నకొడుకు సూరిబాబు.

"ఊళ్ళో అందరూ రూల్సు చదువుతారు. పాటించేది మనమొక్కళ్ళమే" అని తవిటినాయుడు మీసం దువ్వేవాడు. అబద్ధం కాదు. ఒకసారి ఆస్పత్రిలో 'చెప్పులు విడిచి లోపలికి రండి' అన్న బోర్డు చూశాడు. ఆవేళ ఆయన ఉత్తికాళ్ళతో వెళ్ళాడు. అంతే, ఇంటికి తిరిగొచ్చి, చెప్పులు వేసుకుని, మళ్ళీ వెళ్ళి, గుమ్మం ముందు విడిచి, అప్పుడు లోపల అడుగుపెట్టాడు. అప్పటికి డాక్టరు వెళ్ళిపోయాడు. ఈ తెలివి తట్టుకోలేక ఆయన భార్య కూతురి దగ్గర ఉండిపోయింది. మిగిలింది పెద్దకోడలు హైమావతి.

హైమ పాత చీరలతో బొంతలు కుట్టేది. ఫోనులో 'ఇంటిసంత' అనే యాప్‌లో 'హైమ బొంతలు' అని కొట్టు తెరిచింది. రేషన్ కార్డులో, పెళ్ళి శుభలేఖలో తప్ప తన పేరు ఎక్కడా రాసి ఉండగా చూడని మనిషి. రోజూ ఆ కొట్టు తెరిచి పేరు ఒకసారి చూసుకుని సూది పట్టుకునేది. ఒకటీ అరా అమ్ముడైనన్నాళ్ళూ అది 'ఆడవాళ్ళ కాలక్షేపం'. గిరాకీ పెరిగాక 'మన కుటుంబ వ్యాపారం' అయింది.

"కుట్టడం నువ్వు చూసుకో అమ్మాయ్. బుర్ర పెట్టాల్సిన పని మేం చూసుకుంటాం" అని మామగారు ఆమె ఫోను తీసుకున్నాడు.

ఇంకేముంది. మర్నాడే ఎవరో సందేశం పెట్టారు, మీ నంబరు ఇస్తే నేరుగా కొనుక్కుంటాం, యాప్ వాళ్ళ కమీషన్ ఇద్దరికీ మిగులుతుంది అని. అడిగినదానికి జవాబివ్వడం మర్యాద అనుకుని గౌరునాయుడు తన నంబరు పెట్టాడు. తండ్రిది పెట్టాడు. తమ్ముడిది పెట్టాడు. పనికొస్తుందని గ్యాస్ ఏజెన్సీ నంబరు కూడా పెట్టాడు. వెంటనే ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక వచ్చింది: 'కొన్నవారితో యాప్ బయట మాట్లాడరాదు. ఫోన్ నంబర్లు, చిరునామాలు బయటపెట్టరాదు. మా కమీషన్ ఎగ్గొట్టరాదు. ఇంకొక్క ఫిర్యాదు వస్తే మీ కొట్టు శాశ్వతంగా మూసేస్తాం.'

"ఏవండీ, ఫోను నాకిచ్చెయ్యండి. మూసేస్తే మళ్ళీ నా పేరున తెరవనివ్వరు" అంది హైమ.

"భయపడకు. రూలు తెలీక తప్పు జరిగింది. ఇప్పుడు తెలిసింది కదా. మేమున్నాం."

"మీరున్నారనే భయం" అంది. ఆ మాట ఎవరికీ వినపడలేదు. ఆ ఇంట్లో హైమ మాట వినపడకపోవడం మామూలే.

ఆ మధ్యాహ్నం పార్శిల్ తీసుకెళ్ళడానికి కొరియర్ బుచ్చిరాజు వచ్చాడు. సూరిబాబు పార్శిల్ చేతికిచ్చాడు. పైన చీటీ మీద నల్లగా బూటుపాలిష్ పూసి ఉంది.

"అడ్రసేదండీ?"

"దాని కిందే ఉంది."

"కనపడట్లేదు."

"కనపడకూడదనే పూశాను. చిరునామా బయటపెట్టరాదు."

"మరి నేనెక్కడికి తీసుకెళ్ళాలి?"

"నీకు చెప్తే బయటపెట్టినట్టే కదయ్యా. నువ్వు వెళ్తూ ఉండు. సరైన ఇల్లు వచ్చినప్పుడు ఇచ్చెయ్."

హైమ సూది పక్కన పెట్టి బయటికొచ్చేసరికి మామగారు పార్శిల్‌ని బండికి కట్టేసి, బండిని ముందుకు తోసేశాడు కూడా.

ఆ బొంత కొన్నది ఎక్కడో దూరాన ఉన్న మనిషి కాదు. పక్కవీధి లెక్కల టీచరు వసంతకుమారి. రోజులు గడిచినా బొంత రాకపోయేసరికి ఆవిడే గుమ్మంలోకి వచ్చింది.

"మా అమ్మాయికి నెలలు నిండాయి. బిడ్డని పడుకోబెడదామని కొన్నాను. బొంతేదీ? ఇవ్వకపోతే ఈరోజే ఫిర్యాదు పెడతాను."

హైమ సూది వదిలేసి లేచింది. మగవాళ్ళు మాత్రం తొణకలేదు. తవిటినాయుడు తువ్వాలు తీసి మూతికి కట్టుకున్నాడు. కొడుకులిద్దరూ పెదాలు బిగించారు. ఈ ఇంటి మగవాళ్ళు నోరు మూసుకోగా చూడడం పెళ్ళయ్యాక హైమకి అదే మొదటిసారి. గౌరునాయుడు ఫోనులో ఏదో టైపు చేసి, చూసుకోమన్నట్టు టీచరుకి సైగ చేశాడు.

"నా ఫోను ఇంట్లో ఛార్జింగులో ఉంది. నోటితో చెప్పలేరా?"

అడ్డంగా తల ఊపాడు. అప్పుడు సూరిబాబు బుర్ర వెలిగింది. పెరట్లోంచి ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె పట్టుకొచ్చి, దాని మీద బొగ్గుతో 'ఇంటిసంత' అని రాసి, టీచరుని, పక్కనే ఉన్న తండ్రిని కలిపి పైనుంచి బోర్లించేశాడు.

చీకట్లో తవిటినాయుడు తువ్వాలు విప్పాడు. "నమస్కారమమ్మా. ఇప్పుడు యాప్ లోపలే ఉన్నాం. నిదానంగా చెప్పండి, ఏం కావాలి?"

హైమ పరుగున వచ్చి పెట్టె లేపింది. టీచరుని వంటింట్లోకి తీసుకెళ్ళి, మజ్జిగిచ్చి, బతిమాలి, కొత్త బొంత చేతిలో పెట్టింది. ఇంతలో మామగారు గుమ్మంలోకి వచ్చి, టీచరు తాగుతున్న గ్లాసుకి ఫోటో తీశాడు. కమీషన్ కట్టకుండా కొన్నవారికి మజ్జిగ ఇస్తే ఎగ్గొట్టినట్టే కదా. అంతే, క్షణంలో 'హైమ బొంతలు' కొట్టులో కొత్త సరుకు చేరింది: 'మజ్జిగ, సగం తాగినది. అల్లం వేశాం.'

"నీ మొహం చూసి ఫిర్యాదు పెట్టట్లేదు. కానీ వీళ్ళ చేతిలో నీ కొట్టు బతకదమ్మా" అంది టీచరు.

"నేను చెప్తే వినరు టీచరుగారూ. ఫోను చెప్తేనే వింటారు" అంది హైమ. అని ఆగింది. తను అన్న మాటనే ఇంకోసారి మనసులో అనుకుంది.

ఆ సాయంత్రం మామగారి దగ్గరికి వెళ్ళింది. "చలి మొదలైంది. మీరు ముగ్గురూ మన కొట్లో తలో బొంత కొనుక్కోండి. యజమానులే కొంటున్నారంటే కొట్టుకి గౌరవం."

యజమానులన్న మాటకి ముగ్గురూ పొంగిపోయి, ఎవరి ఫోనులో వాళ్ళు కొనేశారు. బొంతలు చేతికందాక హైమ, మామగారి చేతిలో ఉన్న తన ఫోనులోనే ఆ ఎర్ర అక్షరాలు తెరిపించి నెమ్మదిగా చదివింది. "కొన్నవారితో యాప్ బయట మాట్లాడరాదు. మీరు కొన్నవారు. అమ్మింది నేను. కొన్నవారి చేతిలో అమ్మినవారి ఫోను ఉండొచ్చంటారా మావయ్యగారూ?"

తవిటినాయుడు నిప్పు ముట్టుకున్నట్టు ఆమె ఫోను కింద పెట్టేశాడు. ఇక మాట లేదు.

ఆ ఇల్లు అంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదు. హైమ ముందు మజ్జిగని కొట్లోంచి తీసేసింది. తర్వాత కిటికీ పక్కన కూర్చుని కుట్టుకుంది. పక్కగదిలోంచి సందేశాలొచ్చేవి.

'కాఫీ ఉందా?'

'ప్రస్తుతం నిల్వ లేదు.'

'నా నీలం చొక్కా ఎక్కడ?'

'మీ సందేశం అందింది. త్వరలో స్పందిస్తాం.'

కాఫీ లేని తెలివి కొన్నాళ్ళకి నీరసించింది. గౌరునాయుడు యాప్ అంతా వెతికి ఒక రూలు పట్టుకున్నాడు: 'వస్తువు వాపసు చేస్తే కొనుగోలు రద్దవుతుంది. అమ్మినవారి నుంచి మీకు అందినవన్నీ తిరిగి ఇవ్వాలి.'

"ఇచ్చేస్తే మనం కొన్నవాళ్ళం కాదు నాన్నా. మాట్లాడొచ్చు. కొట్టూ చూసుకోవచ్చు" అన్నాడు. ఆ మాట గోడవతల హైమకి వినపడింది. చేతిలో సూది ఆగిపోయింది.

పొద్దున్నే బుచ్చిరాజు వాపసు తీసుకోవడానికి వచ్చాడు. అరుగు మీద మూడు బొంతలున్నాయి. వాటి మీద ఇస్త్రీ చొక్కాలు, పంచెలు, దిండుగలీబులు, పప్పుగిన్నె, ఆవకాయ జాడీ, మామగారి మందుల డబ్బా, టిఫిన్ క్యారేజీ. పక్కన ముగ్గురు మగవాళ్ళూ చారల డ్రాయర్లతో చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"రాసింది మూడు బొంతలే కదండీ. ఇదంతా ఏంటి?" అన్నాడు బుచ్చిరాజు.

"ఆవిడ నుంచి అందినవన్నీ ఇవ్వాలని రూలు. ఇల్లంతా వెతికాం. ఆవిడ నుంచి అందనిది ఏదీ దొరకలేదు" అన్నాడు గౌరునాయుడు.

కిటికీలోంచి చూస్తున్న హైమ, ఆ మాట అన్నవాడికైనా అర్థమవుతుందేమోనని కాసేపు ఎదురుచూసింది. కాలేదు.

"నేను బొంతలే తీసుకుంటానండీ."

"కుదరదు. అన్నీ తీసుకుంటేనే వాపసు" అన్నాడు తవిటినాయుడు.

"అయితే నాకొద్దు" అని బుచ్చిరాజు బండి ఎక్కాడు. హైమ గుండె కుదుటపడింది. కొన్నవాళ్ళు కొన్నవాళ్ళుగానే మిగిలారు, కొట్టు ఆమె చేతిలోనే మిగిలింది.

మగవాళ్ళు మాత్రం ఆలోచనలో పడ్డారు. కొరియర్ వాడు అంత ఖచ్చితంగా వద్దన్నాడంటే మనమే ఏదో ఒకటి ఇవ్వకుండా దాచుకున్నామన్నమాట. సూరిబాబు అటూ ఇటూ చూశాడు, చివరికి కిందికి చూశాడు.

"నాన్నా, ఈ డ్రాయర్లు ఉతికి ఇచ్చిందీ వదినే."

"బుచ్చిరాజూ, ఆగవయ్యా" అని కేకేస్తూ తవిటినాయుడు నాడా ముడి విప్పసాగాడు. హైమ కిటికీ రెక్క మూసేసింది.